రెండు కొండల మధ్య

పల్లెటూరి బొమ్మ వేయమంటే బడిపిల్లల చేతికి ముందుగా వచ్చేవి రెండు కొండలు. వాటి మధ్య సగం సూర్యుడు. అక్కడి నుంచి మెలికలు తిరుగుతూ దిగే ఏరు, ఒడ్డున గుడిసె, పక్కన ఒంగిన కొబ్బరి చెట్టు, ఆకాశంలో గీతల్లాంటి నాలుగు పక్షులు. తిరుపతిలో వేసినా, చిత్తూరులో వేసినా, కుప్పంలో వేసినా ఇదే బొమ్మ. పటాలకు ఫ్రేములు కట్టే షాపుల్లో దేవుడి పటాల పక్కన అమ్మకానికి పెట్టే సీనరీలు కూడా ఇంచుమించు ఇవే. రంగులు కాస్త ఎక్కువ, ఏట్లో ఒక పడవ అదనం.

తిరుపతి పిల్లవాడు కిటికీలోంచి తల తిప్పి చూస్తే కనిపించే కొండ అలా ఉండదు. శేషాచలం ఊరికి ఉత్తరాన పొడవాటి గోడలా అడ్డంగా నిలబడి ఉంటుంది. దాని నెత్తి మొనదేలి ఉండదు, దాదాపు బల్లపరుపుగా ఉంటుంది. పై అంచున ఎర్రటి రాతి పట్టీ, దాని కింద పచ్చటి వాలు. సూర్యుడు ఆ కొండలోంచి రాడు, రేణిగుంట వైపు నేల మీద నుంచి లేస్తాడు. పొద్దున ఆ వెలుతురు పక్కవాటుగా పడితే ఎర్రరాయి కాసేపు రాగిరంగుకు తిరుగుతుంది. పడమరగా పలమనేరు, పుంగనూరు దారి పడితే కొండల తీరే మారిపోతుంది. ఎవరో ఒకదాని మీద ఒకటి పేర్చిపెట్టినట్టు గుండ్లు, వాటి సందుల్లో సీతాఫలం చెట్లు. స్వర్ణముఖి ఏట్లో ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసుకే. కొబ్బరి చెట్లు లేకపోలేదు, కానీ ఊరికి గుర్తుగా నిలబడేది చింతచెట్టు, చేనిగట్టున కానుగ, గుడి ముందు రావి, వేప.

ఇంత సొంత రూపం కళ్లముందు ఉండగా పిల్లల చేతికి వేరే ఊరి బొమ్మ ఎందుకు వస్తోంది? దీనికి రెండు మూలాలు ఉన్నాయనిపిస్తుంది. తెలుగువాళ్ల మనసులో పల్లె అందం అనగానే గోదావరి గట్టు కదులుతుంది. కాలవ, లంక, కొబ్బరితోట, పడవ. రాజమండ్రిలో పుట్టి ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండానే పోయిన దామెర్ల రామారావు (1897–1925) లాంటి గొప్ప చిత్రకారులు ఆ నేల నుంచే వచ్చారు. తెలంగాణ పల్లెకు సిద్దిపేట చిత్రకారుడు కాపు రాజయ్య ఒక రూపం ఇచ్చారు. చిత్తూరు మెట్టకు అంతటి ప్రచారం ఉన్న బొమ్మ ఏర్పడలేదు. రెండో మూలం ఇంకా దూరం. యూరప్‌లో మూడు నాలుగు వందల ఏళ్లుగా పెరిగిన పల్లె ప్రకృతి చిత్రాల సంప్రదాయం డ్రాయింగ్ పుస్తకాల్లో, క్యాలెండర్లలో దిగి, నకలుకు నకలై ఇక్కడిదాకా వచ్చింది. నకలు తీసేటప్పుడు కొండ, చెట్టు, నీళ్లు మిగిలాయి, అసలు చిత్రకారుడు ఏం చూసి గీశాడన్నది దారిలో రాలిపోయింది. అందుకే ఒక అసలు బొమ్మ దగ్గరికి వెళ్లి నింపాదిగా చూడటం అవసరం.

ఆ బొమ్మ 1821లో ఇంగ్లండ్ చిత్రకారుడు జాన్ కాన్‌స్టబుల్ వేసిన 'ది హే వెయిన్'. తెలుగులో 'గడ్డి బండి' అనవచ్చు. ఆయన పెట్టిన పేరు మాత్రం 'ప్రకృతి దృశ్యం: మధ్యాహ్నం' అనే అర్థం వచ్చే మాట. ఇప్పుడది లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది. వెడల్పు ఆరడుగులకు పైన, ఎత్తు నాలుగడుగులకు పైన. ఆ కొలత చిన్న విషయం కాదు. అప్పటి పద్ధతిలో అంతంత పెద్ద కాన్వాసులు దేవుళ్లకు, రాజులకు, యుద్ధాలకు. ఒక మామూలు రైతు బండికి అంత చోటు ఇవ్వడమే ఆ రోజుల్లో ఒక ప్రకటన. గుడి మంటపం కప్పు మీద రాముడి పట్టాభిషేకం ఉండాల్సిన చోట ఒకరు మడక దున్నుతున్న మనిషిని గీస్తే ఎలా ఉంటుందో ఊహించుకుంటే ఆ తెగువ అర్థమవుతుంది.

బొమ్మలో ఏముంది? ఎడమ పక్క ఎర్రటి పెంకుల కప్పుతో ఒక ఇల్లు, పొగగొట్టంలోంచి సన్నటి పొగ. ఇంటి దగ్గర నీళ్ల అంచున వంగి ఉన్న ఒక ఆడమనిషి. మధ్యలో లోతు లేని ఏట్లో ఆగిన పెద్ద చెక్క బండి, దానికి గుర్రాలు, బండిలో ఇద్దరు మనుషులు. ఇవతలి ఒడ్డున ఒక కుక్క బండినే చూస్తోంది. కుడి పక్క రెల్లు దగ్గర చేపలు పట్టే మనిషి, చిన్న పడవ. ఆ వెనక ఎండ పడి మెరుస్తున్న గడ్డి మైదానం. ఇంకా దూరాన, చుక్కల్లాంటి తెల్లచొక్కాల మనుషులు గడ్డి కోస్తున్నారు, మరో బండికి ఎత్తుతున్నారు. పైన సగం బొమ్మ ఆకాశానిదే, ఎండా వానా తేల్చుకోలేని మబ్బులతో.

ఇది ఊహించి వేసిన చోటు కాదు. సఫోక్ ప్రాంతంలో స్టౌర్ నది మీద ఫ్లాట్‌ఫర్డ్ అనే చోట కాన్‌స్టబుల్ తండ్రికి పిండిమిల్లు ఉండేది. ఆ మిల్లు మడుగే ఈ నీళ్లు. ఎడమ పక్క ఇల్లు విల్లీ లాట్ అనే రైతుది, ఇల్లు నేటికీ అక్కడే ఉంది. కాన్‌స్టబుల్ 1776లో ఆ పక్కనే ఈస్ట్ బెర్గోల్ట్ అనే ఊళ్లో పుట్టాడు. జీవితంలో ఒక్కసారి కూడా ఇంగ్లండ్ దాటలేదు. అప్పటి చిత్రకారులు కొండలు, శిథిలాలు వెతుక్కుంటూ ఇటలీకి పోయేవాళ్లు. ఈయన తనకు చిన్ననాటి నుంచి తెలిసిన నేలనే ఎక్కువగా మళ్లీ మళ్లీ వేశాడు. అయినా ఈ పెద్ద బొమ్మను ఆరుబయట కూర్చుని వేయలేదు. అక్కడ వేసుకున్న చిన్న చిన్న నమూనాలు దగ్గర పెట్టుకుని లండన్ స్టూడియోలో వేశాడు. బండి నిర్మాణం సరిగ్గా గుర్తు లేక, ఊళ్లో మిత్రుడి కొడుకు చేత బండి బొమ్మ గీయించి తెప్పించుకున్నాడు. ఇరుసు ఎక్కడుంటుంది, పక్క చట్రం ఎంత ఎత్తు అన్నది తప్పుపోతే ఆ ఊరి రైతు నవ్వుతాడన్న భయం ఉన్నవాడే ఆ పని చేస్తాడు. ఈ పట్టింపే ఆ బొమ్మను సీనరీల నుంచి వేరు చేస్తుంది.

బండి నీళ్లలో ఎందుకు నిలబడింది? గ్యాలరీలో చూసే నగరవాసికి ఇది అందం కోసం పెట్టినట్టు కనిపిస్తుంది. ఎద్దులబండి ఎరిగిన పలమనేరు రైతుకు అలా అనిపించదు. అవతలి మైదానానికి దాటే రేవు అది, సరే. దాంతోపాటు ఎండాకాలంలో చెక్క ఎండి కుంచించుకుపోతుంది, చక్రంలోని ఆకులు (పుల్లలు) వదులవుతాయి, దాని చుట్టూ కాల్చి వేసిన ఇనుప పట్టా జారే ప్రమాదం ఉంటుంది. కాసేపు నీళ్లలో నానితే చెక్క ఉబ్బి పట్టాను బిగించి పట్టుకుంటుంది. గుర్రాల కాళ్లు కూడా చల్లబడతాయి. కాన్‌స్టబుల్ బొమ్మలో బండి ఆగిన కారణం కూడా పనే అని చాలామంది చెబుతారు. అక్షరం రాని మనిషి కూడా చదవగలిగే సమాచారం ఇది, కాకపోతే బండి తోలిన చేతులు ఉండాలి.

రంగుల లెక్క కూడా ఇంతే నిజాయితీగా ఉంటుంది. బొమ్మంతా ఆకుపచ్చ, గోధుమ రంగుల్లో నడుస్తుంటే గుర్రాల పట్టెడల మీద చిన్న చిన్న ఎరుపు. చూపు మొదట పడేది అక్కడే. ఆ కాస్త ఎరుపు వల్ల చుట్టూ ఉన్న పచ్చదనం ఇంకా పచ్చగా అవుతుంది. ఆకుల మీద, నీళ్ల మీద తెల్లరంగు చుక్కలు చల్లినట్టు వేయడం ఆయన అలవాటు. తడి మీద ఎండ తళుక్కుమనడాన్ని పట్టుకోవడానికి ఆ ప్రయత్నం. అప్పటి విమర్శకులు దాన్ని మంచు చల్లినట్టుందని ఎగతాళి చేశారు. 1821లో లండన్ రాయల్ అకాడమీలో పెడితే కొనేవాళ్లు లేరు. తర్వాత ఒక వ్యాపారి కొని పారిస్ తీసుకుపోయాడు. 1824లో అక్కడి సలాన్ అనే పెద్ద చిత్ర ప్రదర్శనలో దీనికి బంగారు పతకం వచ్చింది. ఫ్రెంచి చిత్రకారులు దాని తాజాదనం చూసి కదిలిపోయారు. స్వదేశంలో గ్యాలరీకి చేరింది 1886లో, అదీ ఒక దాత ఇస్తే.

ఇంతవరకూ మెచ్చుకోలు. ఈ బొమ్మలో లేనిదాన్ని కూడా చూడాలి. 1815లో నెపోలియన్ యుద్ధాలు ముగిశాక ఇంగ్లండ్‌లో ధాన్యం ధరలు పడిపోయాయి. యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులు కూలి పనికి పోటీ పడ్డారు. ఊరుమ్మడి బీళ్లు అంతకుముందే కంచెల్లోకి వెళ్లిపోయి, ఒక ఆవును కట్టేసుకునే జాగా కూడా పేదవాడికి లేకుండా పోయింది. 1816లో, మళ్లీ 1822లో ఆ తూర్పు ప్రాంతంలో కూలీలు తిరగబడ్డారు. గడ్డివాములు తగలబెట్టారు, నూర్పిడి యంత్రాలు పగలగొట్టారు. ఆ రెండు తిరుగుబాట్ల నడుమ వేసిన బొమ్మ ఇది. ఇందులో కూలీలు అంత దూరాన, ముఖాలు లేకుండా, తెల్లచుక్కలై ఎందుకున్నారని కొందరు కళాచరిత్రకారులు అడిగారు. అడగాల్సిన ప్రశ్నే అది. చిత్రకారుడు మిల్లు యజమాని కొడుకు. ఆయన ప్రేమ అబద్ధం కాదు, కానీ ఆ ప్రేమ మిల్లు కిటికీలోంచి చూసిన ప్రేమ. బండి కొలత తప్పకూడదని అంత పట్టింపు చూపిన మనిషి, గడ్డి కోసేవాడి ముఖం దగ్గరికి మాత్రం పోలేదు.

ఒక విచిత్రం ఉంది. ముందుగా అదే సైజులో వేసుకున్న నమూనాలో ఇవతలి ఒడ్డున కుక్క పక్కన గుర్రం మీద ఒక మనిషి ఉన్నాడు. ఆ నమూనా లండన్‌లోనే మరో మ్యూజియంలో ఉంది. అసలు బొమ్మలో అతణ్ని తీసేసి అక్కడ ఒక పీపా పెట్టాడు, తర్వాత దాన్నీ రంగుతో కప్పేశాడు. నూనె రంగు ఏళ్లు గడిచేకొద్దీ పారదర్శకమవుతుంది. ఇప్పుడు దగ్గరగా చూస్తే కప్పేసిన చోట ఆ పీపా నీడ మసకగా బయటపడుతోంది.

పొలంలో పనిచేసే మనిషి ముఖాన్ని ముందుకు తేవడానికి ఇంకో ముప్పై ఆరేళ్లు, ఇంకో దేశం, ఇంకో చిత్రకారుడు కావాల్సి వచ్చింది. 1857లో ఫ్రాన్స్‌లో రైతుబిడ్డ జాన్ ఫ్రాన్స్వా మిల్లే వేసిన చిత్రంలో ముగ్గురు ఆడవాళ్లు నడుములు వంచి, కోత అయిపోయిన చేలో రాలిన గోధుమ కంకులు ఏరుకుంటున్నారు. వెనక దూరంగా పెద్ద కుప్పలు, నిండిన బండి, గుర్రం మీద అజమాయిషీ చేసే మనిషి. కాన్‌స్టబుల్ దూరాన పెట్టినవాళ్లు ముందుకొచ్చారు, బండి వెనక్కి పోయింది. పారిస్ పెద్దమనుషులకు ఆ బొమ్మ చూసి భయమేసింది. ఆ పనిని చెప్పడానికి చాలా భాషల్లో పెద్ద వివరణ కావాలి. తెలుగులో ఒక్క మాట చాలు, పరిగ. పరిగ ఏరడం అంటే చిత్తూరు జిల్లాలో చెప్పక్కర్లేదు. సెనక్కాయ చెట్లు పీకి కాయలు తెంపుకున్నాక, గట్టినేలలో తెగి ఉండిపోయిన కాయల కోసం చిన్న పారతో మట్టి పెళ్లగిస్తూ గంపతో తిరిగే ఆడవాళ్లను చూడని పల్లె లేదు. ఆ నడుముల వంపు మిల్లే బొమ్మలో వంపే. చేను యజమాని వద్దనకపోవడం, పరిగ పేదవాళ్ల హక్కుగా నడవడం రెండు చోట్లా ఉన్న ఆచారం. ఆ బొమ్మ ప్రింటు చూపించి కథ చెబితే పెనుమూరు ఆడవాళ్లకు కళాచరిత్ర పాఠం అవసరం ఉండదు.

ఇక ఇక్కడి చిత్రకళ సంగతి. తిరుపతి నుంచి నలభై కిలోమీటర్లలోపు శ్రీకాళహస్తిలో కలంతో గీసే కలంకారీ ఉంది. అందులో పల్లె కనపడదు. రామాయణ, భారత ఘట్టాలు గదులు గదులుగా నిండి ఉంటాయి, దూరం లేదు, ఆకాశం కింద నేల గీత లేదు. దీన్ని చూసి మన దగ్గర ప్రకృతి చిత్రణ తక్కువ అనేయడం సులువు. కానీ ఆ గుడ్డ ఎలా తయారవుతుందో చూస్తే వేరే సంగతి తెలుస్తుంది. గుడ్డను కరక్కాయ పొడి కలిపిన పాలలో నానబెడతారు, పాలలోని కొవ్వు వల్ల రంగు పక్కకు పాకదు. చింతపుల్ల కాల్చిన బొగ్గుతో మొదటి గీతలు. తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, బెల్లం నీళ్లలో వేసి రోజుల తరబడి పులియబెడితే వచ్చే ద్రవం కసిమి. అది గుడ్డ మీది కరక్కాయ వగరుతో కలిసినప్పుడు నల్లగా తేలుతుంది. ఎరుపు రావాల్సిన చోట పటిక పూసి, రంగునిచ్చే వేళ్లు, చెక్కతో ఉడకబెడతారు. పసుపు కరక్కాయ పువ్వు నుంచి, నీలం నీలిమందు నుంచి. అంటే పాడి, బెల్లం గానుగ, అడవి, చింతచెట్టు అన్నీ ఆ గుడ్డలో ఉన్నాయి. పల్లె అక్కడ బొమ్మగా లేదు, రంగుగా ఉంది. దశ దశకూ గుడ్డను ఉతకాలి, అదీ పారే నీళ్లలో. నిలవ నీళ్లలో ఉతికితే వదిలిన రంగు వేరే చోట అంటుకుంటుంది. స్వర్ణముఖి పారినంత కాలం ఆ పని ఏట్లోనే జరిగింది. ఏరు ఎండితే ఆ కళకు తగిలే దెబ్బ నేరుగా తగులుతుంది.

ఫ్లాట్‌ఫర్డ్ మడుగైనా, కాళహస్తి ఏరైనా, లెక్క చివరికి నీళ్ల దగ్గరికే వస్తోంది. పల్లె బొమ్మను చదవడానికి ఒక మంచి తాళంచెవి ఇదే. ఈ బొమ్మలో నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయి, ఎవరు వాడుకుంటున్నారు? స్టౌర్ నదిలో ఏడాదంతా నీళ్లు ఉంటాయి గనుక కాన్‌స్టబుల్ నీళ్లను అడగకుండానే గీయగలిగాడు. చిత్తూరు మెట్టలో నీళ్లు అడగకుండా రావు. ఇక్కడ పెద్ద వానలు చాలావరకు అక్టోబరు నుంచి డిసెంబరు లోపు, ఈశాన్య రుతుపవనాలతో, తుపానులతో పడతాయి. ఆ నాలుగు వానలను పట్టి ఉంచుకోవడానికి పాతవాళ్లు రెండు గుట్టల మధ్య ఖాళీ చూసి అడ్డంగా మట్టికట్ట వేశారు. పిల్లల బొమ్మలో సూర్యుడున్న చోట ఈ నేలలో ఉన్నది చెరువు. కట్ట, తూము, ఎక్కువైన నీళ్లు పోయే మొరవ, కట్ట కింద కయ్యలు (వరి మళ్లు), వాటికి పైన మెట్ట చేలు. ఊరి కులాలు, భూములు, తగాదాలు, పండగలు అన్నీ ఆ వరసలోనే కూర్చున్నాయి. తిరుపతికి దగ్గర్లో రామచంద్రాపురం మండలంలో విజయనగర రాజుల కాలం నాటి రాయల చెరువు అలాంటిదే. 2021 నవంబరు వానలకు దాని కట్టకు లీకు పడితే కింది ఊళ్లను ఖాళీ చేయించాల్సి వచ్చింది. ఐదు వందల ఏళ్ల నాటి మట్టికట్ట ఇంకా ఊళ్ల ప్రాణాలను చేతిలో పట్టుకుని ఉందని ఆ వారం అందరికీ తెలిసింది.

ఈ నేలను గీయబోయే చిత్రకారుడికి ఎదురయ్యే మొదటి కష్టం వెలుతురు. కాన్‌స్టబుల్ మధ్యాహ్నం మబ్బుల కింద చల్లగా ఉంటుంది. చిత్తూరు ఏప్రిల్ మధ్యాహ్నం రంగులను కాల్చేస్తుంది, నీడలు చెట్టు మొదట్లోకి ముడుచుకుపోతాయి, మనుషులు, ఎనుములు చింతచెట్టు కిందికి చేరతారు. ఆ వేళ పొలం ఖాళీ. ఇక్కడ పల్లె కనిపించేది తెల్లవారుజామున, మళ్లీ మందలు ఇంటికి మళ్లే పొద్దుగూకే వేళ. రేగిన ఎర్రదుమ్ములోంచి వచ్చే ఆ వెలుతురుకు ఆకుపచ్చ కన్నా కావి రంగు ఎక్కువ అవసరం.

రెండో కష్టం, ఏ కాలాన్ని గీయాలన్నది. కపిల బావిలోంచి తోలు తొండం ఉన్న బానతో ఎద్దులు నీళ్లు తోడే దృశ్యం అందంగా ఉంటుంది, పటం అమ్ముడుపోతుంది కూడా. కానీ ఆ బావుల్లో చాలావాటిలో ఇప్పుడు తుమ్మచెట్లు మొలిచి ఉన్నాయి. బోర్లు పడ్డాక నీటిమట్టం కిందికి పోయింది, బోర్లు కూడా ఎండాక ఇంకో బోరు, అప్పు. ఈ కాలపు పల్లె బొమ్మలో మోటారు షెడ్డు, నల్లటి డ్రిప్ పైపులు, టమాటా చేనికి పాతిన కర్రలు, రోడ్డు పక్క బోరు లారీ ఉంటాయి. అవి బొమ్మను చెడగొడతాయని తీసేస్తే, కాన్‌స్టబుల్ గుర్రం మీది మనిషిని తీసేసినట్టే అవుతుంది. చిత్తూరు గడ్డి బండి ఏదని వెతికితే దొరికేది జూన్, జూలై నెలల్లో. మామిడి గుజ్జు ఫ్యాక్టరీల ముందు తోతాపురి కాయల లోడుతో బారులు తీరి నిలబడ్డ ట్రాక్టర్లు. 2025లో ధర పడిపోయి, కిలోకు ఫ్యాక్టరీలు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు ఇవ్వాలని ప్రకటించాల్సి వచ్చింది. ఆ వరసలో ట్రాలీ కింద నీడలో దుప్పటి పరుచుకుని తన వంతు కోసం చూసే రైతును ఆరడుగుల కాన్వాసు మీద ఎవరైనా వేస్తే, 1821లో ఇంగ్లండ్ కాన్వాసు తప్పించుకున్నది ఇక్కడ కనిపిస్తుంది.

దిగులే గీయాలని దీని అర్థం కాదు. ఈ నేలలో సంతోషం కూడా నీళ్లతోనే వస్తుంది, అది ఏ సీనరీలోనూ లేని సంతోషం. నవంబరులో తుపాను వాన వెలిసిన మర్నాడు, ఏళ్ల తర్వాత చెరువు నిండి మొరవ పోతోందని తెలిస్తే ఊరు ఊరంతా కట్ట మీదికి వస్తుంది. గుట్టల గుండ్లు తడిసి నల్లగా మెరుస్తుంటాయి. తూము దగ్గర గంగమ్మకు పసుపు, కుంకుమ, కొబ్బరికాయ. మొరవ రాళ్ల మీద ఎర్రటి నీళ్లు నురగలు కక్కుతూ దూకుతుంటాయి, కింద పిల్లలు తువ్వాళ్లతో చేపలు పడుతుంటారు. చిత్రకారుడు కట్ట వెనక నిలబడి ఆ బొమ్మ వేస్తే అందులో ముఖాలు పెద్దగా కనిపించవు. ముసలివాళ్లు, చంకన బిడ్డలున్న ఆడవాళ్లు, స్కూటర్ స్టాండు వేసి వచ్చిన కుర్రాళ్లు, అందరివీ వీపులే. అందరూ నీళ్లకేసి చూస్తుంటారు.